ఎన్‌సీసీనా, ఎన్‌ఎస్‌ఎస్సా? ఆదివారం రాకపోతే అడిగేదెవరు?

డిగ్రీ అడ్మిషన్లు ముగిసి క్లాసులు మొదలైన రెండు వారాల్లో కనీసం పాతికమంది పిల్లలు మా స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి అడిగే ప్రశ్న ఇది. "సార్, ఎన్‌సీసీలో చేరమంటారా, ఎన్‌ఎస్‌ఎస్‌లోనా?" (ఎన్‌సీసీ అంటే యూనిఫాం వేసుకుని చేసే సైనిక తరహా శిక్షణ, ఎన్‌ఎస్‌ఎస్ అంటే ఊళ్ళలో చేసే సమాజ సేవ.) అవతల బెల్ కొడుతుంటుంది, చేతిలో అటెండెన్స్ రిజిస్టర్ ఉంటుంది, "నీకు పొద్దున్నే లేచే అలవాటుందా?" అని ఎదురడిగి తప్పించుకునేవాణ్ణి. ఈసారి కుదరలేదు. అడిగింది మా అక్క కూతురు, ఫోన్లో. పక్కనుంచి అక్క "మీ మామయ్య ఏది చెప్తే అది" అంటోంది. వెనకాల టీవీ ముందు నుంచి బావ "ఆ ఎండలో పరేడ్లేంటి, పిల్ల నల్లబడిపోదూ" అంటున్నాడు. ముగ్గురికీ ఒకేసారి జవాబు చెప్పడం ఫోన్లో అయ్యే పని కాదు, రాస్తే మిగతా పాతికమందికీ పనికొస్తుందని రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పేస్తా. ఇంటర్ రెండేళ్ళు ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్ని. డిగ్రీ మూడేళ్ళు ఎన్‌సీసీ, అందులో చివరి మెట్టైన 'సీ' సర్టిఫికెట్, 'బీ' గ్రేడ్‌లో. లెక్చరర్ అయ్యాక నాలుగేళ్ళు ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్ని, అది నేను అడిగి తీసుకున్నది కాదు, నెత్తిన పెట్టారు. అంటే రెండిళ్ళ ఉప్పూ తిన్నవాణ్ణే. మొగ్గు ఎటో చదువుతుంటే మీకే తెలుస్తుంది, దాచను.

అందరూ మొదట అడిగేది సర్టిఫికెట్ గురించే కాబట్టి ఆ ముచ్చట తీర్చేద్దాం. ఎన్‌సీసీ 'సీ' సర్టిఫికెట్‌కి విలువుంది. అందులో కనీసం 'బీ' గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే ఆర్మీ షార్ట్ సర్వీస్ కమిషన్‌కి, అంటే కొన్నేళ్ళ ఆఫీసర్ కొలువుకి, స్పెషల్ ఎంట్రీలో అప్లై చేసుకోవచ్చు, సీడీఎస్ అనే రాతపరీక్ష ఉండదు, షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీ, అంటే ఆఫీసర్లని ఎంచుకునే బోర్డు ఇంటర్వ్యూనే. అగ్నివీర్‌కి బోనస్ మార్కులున్నాయి. మన దగ్గర ప్రొఫెషనల్ కోర్సుల అడ్మిషన్లలో ఎన్‌సీసీ కోటా ఉంది. ఇదంతా నిజమే కానీ, ఆ స్పెషల్ ఎంట్రీకి ఒక్కో కోర్సుకి దేశం మొత్తమ్మీద వందలోపే సీట్లు, అందులో అమ్మాయిలకి వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. నేనూ అలహాబాద్ ఎస్‌ఎస్‌బీకి వెళ్ళొచ్చాను. అంత దూరం రైల్లో పోయి, మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే పోయి, ఆ రాత్రికే మళ్ళీ రైలెక్కాను. ఇంట్లో విప్పని స్వీట్ల డబ్బా ఒకటి ఎదురుచూస్తూ ఉంది, దాన్ని పక్కింటివాళ్ళకి ఇచ్చేశారు. మా బ్యాచ్‌లో 'సీ' పాసైనవాళ్ళలో తర్వాత యూనిఫాం వేసుకున్నది ఇద్దరు. మిగతావాళ్ళం బ్యాంకుల్లో, బడుల్లో, షాపుల్లో తేలాం.

ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్ళలో 240 గంటలు, ఒక ఏడు రోజుల స్పెషల్ క్యాంపు పూర్తి చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. ఉద్యోగాల దగ్గర దానికి అంత పలుకుబడి లేదు. కాబట్టి కాగితం కోసమే అయితే ఎన్‌సీసీ, ఇక చదవక్కర్లేదు. కానీ పదిమందిలో ఎనిమిది మంది ఆ కాగితాన్ని ఎక్కడా వాడరు. మరి వాళ్ళకి ఏది మేలు?

నా లెక్కలో తేల్చేది ఒక్కటే విషయం. ఆదివారం పొద్దున నువ్వు రాకపోతే అడిగేవాళ్ళున్నారా?

ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ ఈ సేవ, శిక్షణ వ్యవహారం దేశంలో మొదలైనప్పటి నుంచీ గొడవంతా దీని చుట్టే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, ఒకప్పుడు ఆంధ్ర విశ్వకళా పరిషత్తు వైస్ ఛాన్సలర్‌గా చేసిన రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన వేసిన విశ్వవిద్యాలయ కమిషన్ విద్యార్థుల సేవ ఇష్టపూర్వకంగానే ఉండాలంది. తర్వాత జాతీయ సేవ మీద వేసిన దేశ్‌ముఖ్ కమిటీ మాత్రం అలా కాదు, తప్పనిసరి చెయ్యమంది. ఈలోగా 1962లో చైనా యుద్ధం వచ్చింది, 1963లో కాలేజీల్లో ఎన్‌సీసీని తప్పనిసరి చేసేశారు. మా పెదనాన్న ఆ కాలపు స్టూడెంటు. గ్రౌండు పట్టనంత మంది, చేతుల్లో చెక్క తుపాకులు, హాజరు పిలుస్తుంటే ఒక్కడే గొంతు మార్చి మార్చి నలుగురైదుగురికి 'ఎస్సార్' పలికేవాడట. ఆ ఒక్కడు తనే అని ఇంకో సందర్భంలో ఒప్పుకున్నాడు లెండి. అయిదేళ్ళు తిరిగేసరికి 1968లో తప్పనిసరి తీసేశారు. దానికి ముందే 1967లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశంలో విద్యార్థులు ఎన్‌సీసీలోనో, కొత్తగా పెట్టబోయే సేవా పథకంలోనో చేరేలా ఉండాలన్నారు. ఆ కొత్త పథకమే 1969 సెప్టెంబర్ 24న 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్. అంటే మా మేనకోడలు అడిగిన ప్రశ్నకి దగ్గరదగ్గర 60 ఏళ్ళ వయసుంది.

ఎన్‌సీసీ సంగతి. మా యూనిట్‌కి ఒక హవల్దార్ వచ్చేవాడు, పీఐ స్టాఫ్ అంటాం, రాజస్థాన్ మనిషి, తెలుగు ముక్క రాదు. మూడు వరసల్లో నిలబెట్టి సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్ అని హిందీలో ఆర్డర్లు మొదలుపెట్టాక మనిషి రాకపోతే దాచడానికి వీల్లేదు. మూడు వరసల్లో ముగ్గురూ ఒకరి వెనక ఒకరు ఉండాల్సిన చోట ఒక ఖాళీ వస్తుంది, దాన్ని 'బ్లాంక్ ఫైల్' అంటారు. నిలువు గీతలో పన్ను ఊడినట్టు గ్రౌండు ఇవతలికి కూడా కనపడుతుంది. నేను ఒక ఆదివారం పిన్ని కూతురి పెళ్ళికని చెప్పకుండా ఎగ్గొట్టాను. వచ్చే వారం ఆయన అరవలేదు, తిట్టలేదు. తేజ్ చల్ (కవాతు నడక) మధ్యలో ఆపి, నా చోటు చూపించి, "పిఛ్‌లే హఫ్తే యహాఁ కౌన్ థా?" (పోయిన వారం ఇక్కడెవరున్నారు?) అన్నాడు. ఎవరూ పలకలేదు. "కోయీ నహీఁ" (ఎవరూ లేరు) అని తనే జవాబు చెప్పుకుని మళ్ళీ నడిపించాడు. అంతే. డిగ్రీ మూడేళ్ళలో నేను లేనందుకు నన్ను పట్టించుకున్న మనిషి ఆయనొక్కడే అని నాకు చాలా ఏళ్ళకి తట్టింది. క్లాసులో అరవైమందిలో నేను లేకపోతే ఒక 'ఏ' పడేది రిజిస్టర్లో, హాజరు మరీ తగ్గితే కట్టడానికి కండొనేషన్ ఫీజు ఉండేది.

దీని పక్కనే ఎన్‌సీసీ లోపాలూ చెప్పాలి. మూడేళ్ళలో నేను నేర్చుకున్నది దుప్పటి అంచులు కలిసేలా మడత పెట్టడం, రాత్రి బ్రాసోతో బెల్టు బకిల్ రుద్దడం, నలభైమంది గురక మధ్య నిద్రపోవడం, పది రోజుల క్యాంపులో బాత్రూమ్ క్యూ కోసం నాలుగింటికే లేవడం. పాయింట్ టూ టూ రైఫిల్‌తో పడుకుని అయిదు రౌండ్లు కాల్చినప్పటి ఆ భుజం అదురు మాత్రం ఇప్పటికీ గుర్తే. కానీ మూడేళ్ళలో ఒక్కసారి కూడా యూనిఫాం వేసుకోని మనిషితో, అంటే ఊళ్ళో మనిషితో, కూర్చుని మాట్లాడమని ఎవరూ చెప్పలేదు. చెప్పింది చెయ్యడం వచ్చింది. ఏం చెయ్యాలో చూసి తెలుసుకోవడం రాలేదు.

అది నేర్పగలిగింది ఎన్‌ఎస్‌ఎస్. ఇంటర్లో మా క్యాంపు ఊళ్ళో మురుగునీటికి ఇంకుడు గుంటలు తవ్వాలన్నారు. రోడ్డు వారన మూడో గుంట తవ్వుతుంటే ఎదురింటి ముసలావిడ వచ్చి గట్టు మీద కూర్చుంది. కాసేపు చూసి, "తవ్వుతారు సరే నాయనా, మీరెళ్ళిపోయాక ఇందులో మా మేకపిల్ల పడితే తీసేదెవరు?" అంది. పన్నెండు మందిమి గడ్డపారలు పట్టుకుని అలాగే నిలబడ్డాం. ఆవిడ అడిగేదాకా ఆ గుంట ఎవరిదో, ఎవరు అడిగారో, దాన్ని రాళ్ళతో నింపేదెవరో మాలో ఒక్కడికీ తట్టలేదు. తర్వాత ఆవిడే కంకర ఎక్కడ దొరుకుతుందో చెప్పింది. అలాంటి ప్రశ్న ఎన్‌సీసీ క్యాంపులో నన్ను ఎవరూ అడిగి ఉండరు.

నేను ప్రోగ్రామ్ ఆఫీసర్ అయ్యాక ఇంకొకటి చూశాను. ఇంటింటి సర్వేలో ఒక తాతకి పింఛను రావట్లేదని తేలింది, కారణం ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పు పడటం. నెత్తి మీద ఒక్క నల్ల వెంట్రుక లేని మనిషికి ఆధార్ లెక్కన యాభై రెండేళ్ళు. బీకాం సెకండియర్ అమ్మాయి ఒకతె ఆ కాగితం పట్టుకుని క్యాంపు అయిపోయాక కూడా సచివాలయం చుట్టూ, ఆధార్ సెంటర్ చుట్టూ రెండు నెలలు తిరిగింది. ఎవరూ చెప్పలేదు, గంటల్లో రాసుకోలేదు కూడా. ఎన్‌ఎస్‌ఎస్ బాగా జరిగితే ఇలా ఉంటుంది, అప్పుడు దాని ముందు ఎన్‌సీసీ దిగదుడుపే.

కానీ అదే సర్వేలో మిగతా అరవైమంది ఏం చేశారు? సగం మంది రామాలయం అరుగు మీద కూర్చుని ఒకళ్ళ ఫారాలు ఒకళ్ళు నింపుకున్నారు. వంద మంది యూనిట్‌కి నేనొక్కణ్ణే, వారానికి పదహారు క్లాసులు నావి నాకున్నాయి, ముప్పైమంది రాకపోతే నాకు కనపడేది కాదు. ఇక్కడ బ్లాంక్ ఫైల్ లేదు. నిధులు కొద్దిగా వచ్చేవి, అవీ ఆలస్యంగా. పైనుంచి మాత్రం ఫలానా దినోత్సవం చేసి సాయంత్రం అయిదులోపు ఫొటోలు పంపండని మెసేజ్ వచ్చేది. బ్యానర్ పట్టుకోవడానికి ఆరుగురు, మొక్క పట్టుకోవడానికి నలుగురు, నీళ్ళు పొయ్యడానికి ముగ్గురు, మర్నాటి నుంచి నీళ్ళు పొయ్యడానికి ఎవరూ లేరు. తెలంగాణలో నా స్నేహితుడొకడు హరితహారం రోజుల్లో ఇదే పని చేశాడు, ఇద్దరం ఫోన్లో ఒకళ్ళనొకళ్ళం ఓదార్చుకునేవాళ్ళం. చివరి ఏడాది నేను కూడా గంటన్నర శ్రమదానానికి నాలుగు గంటలని డైరీలో రాసి సంతకం పెట్టాను. తప్పే. అందుకే రెండో టర్మ్ వద్దని చెప్పేశాను.

అంటే ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరడమంటే ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని ఎంచుకోవడమే. ఎన్‌సీసీలో మీ కాలేజీ ఆఫీసర్ కాస్త మెతకైనా బెటాలియన్ ఉంది, వెనక పీఐ స్టాఫ్ ఉన్నారు, హాజరు తగ్గితే 'బీ', 'సీ' సర్టిఫికెట్ల పరీక్షలకి కూర్చోనివ్వరు, క్యాంపు చెయ్యకపోతే అసలుకే లేదు. వ్యవస్థ మనిషిని మోస్తుంది. ఎన్‌ఎస్‌ఎస్‌లో మనిషే వ్యవస్థని మొయ్యాలి.

ఇక ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివేవాళ్ళకి ఎంచుకునే పని లేకుండా వచ్చిపడ్డది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, సీఎస్‌పీ. 2020-21 బ్యాచ్ నుంచి పది నెలల తప్పనిసరి ఇంటర్న్‌షిప్ పెట్టారు కదా, అందులో మొదటి ఏడాది తర్వాత వేసవిలో రెండు నెలలు ఇదే. ఊళ్ళో సర్వే చెయ్యాలి, లాగ్‌బుక్ రాయాలి, రిపోర్టు ఇవ్వాలి. కాగితం మీద చూస్తే ఎన్‌ఎస్‌ఎస్ కంటే ఎంతో మేలు, ఒక్కడే పిల్లాడు, ఒక్కటే ఊరు, పేరుకి ఒక మెంటారు. జరిగేది వేరు. మే నెల ఎండలో ఎవడు తిరుగుతున్నాడో చూసేవాడు లేడు. జిరాక్స్ షాపులో సీనియర్ల రిపోర్టులు బైండింగుతో సహా దొరుకుతాయి, ఊరి పేరు మారిస్తే చాలు. నేను దిద్దిన ఒక రిపోర్టులో, సముద్రానికి నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న మెట్ట ఊళ్ళో ప్రజల ప్రధాన వృత్తి చేపల వేట అని ఉంది. "వేట ఎక్కడ చేస్తార్రా?" అనడిగితే వాడు కాసేపు ఆలోచించి "చెరువులో సార్" అన్నాడు. ఆ తెలివికి రెండు మార్కులు వేశాను. మీకెలాగూ తప్పదు కాబట్టి ఒక్క సలహా. సొంత వీధిలోనే చెయ్యండి, ఒకే ఒక్క ప్రశ్న పట్టుకోండి. మా స్టూడెంటు ఒకడు వాళ్ళ వీధిలో మంచినీళ్ళ డబ్బాకి ఏ ఇల్లు నెలకి ఎంత పెడుతోందో మాత్రమే రాశాడు, నేను చదివిన వాటిలో అదే బెస్ట్ రిపోర్టు.

బీటెక్ వాళ్ళ సంగతి ఇంకా చిత్రం. మన ఆర్23 రెగ్యులేషన్లో, అంటే 2023 నాటి కోర్సు నిబంధనల్లో, ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, స్కౌట్స్, కమ్యూనిటీ సర్వీస్ అన్నీ ఒకే గాటన కట్టి ఫస్టియర్‌లో అర క్రెడిట్ ఇచ్చారు. అర క్రెడిట్‌కి ఎంత సేవ వస్తుందో అంతే వస్తుంది.

తప్పనిసరి చేసి, లోపల ఎంచుకునే వీలిచ్చిన దేశం ఫిలిప్పీన్స్. మనవాళ్ళ పిల్లలు బోలెడుమంది అక్కడ మెడిసిన్ చదువుతున్నారు కాబట్టి విన్నవాళ్ళుంటారు. ఒకప్పుడు కాలేజీ మగపిల్లలందరికీ అక్కడ ఆర్‌ఓటీసీ అనే సైనిక శిక్షణ తప్పనిసరి. 2001లో మనీలాలో ఒక విద్యార్థి దాంట్లో జరుగుతున్న అవినీతిని బయటపెట్టాక హత్యకి గురయ్యాడు, పెద్ద ఆందోళన జరిగింది. ఆ తర్వాత వచ్చిన చట్టంతో ఇప్పుడు డిగ్రీలో రెండు సెమిస్టర్లు సైనిక శిక్షణ, సమాజ సేవ, చదువు చెప్పడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి చెయ్యాలి. ఎంచుకోమనేసరికి ఎక్కువమంది సమాజ సేవ వైపే వెళ్ళారు. అది సేవ మీద ప్రేమో, పరేడ్ మీద భయమో ఎవరికి తెలుసు. మా పెదనాన్న అయితే రెండోదే అంటాడు.

రెడ్‌క్రాస్, రోవర్స్, రేంజర్స్ (పెద్దపిల్లల స్కౌట్స్, గైడ్స్) ఉన్నాయి కొన్ని కాలేజీల్లో. ఉంటే మంచిదే, వాటి కోసం కాలేజీ మారక్కర్లేదు.

ఇప్పుడు అసలు మాట. మీ ఊరి ఫస్ట్ బస్సు టౌనుకి ఏడున్నరకి చేరుతుంటే, పరేడ్ ఆరున్నరకైతే, ఎన్‌సీసీ మీకు కుదరదు, హాస్టల్లోనో చుట్టాలింట్లోనో శనివారం రాత్రి ఉండగలిగితే తప్ప. ఆదివారాలు పెళ్ళిళ్ళ క్యాటరింగ్‌కి వెళ్ళి ఫీజు డబ్బులు తెచ్చుకునే పిల్లలున్నారు నా క్లాసులో, వాళ్ళని పరేడ్‌కి రమ్మనే మొహం నాకు లేదు, వాళ్ళకి ఎన్‌ఎస్‌ఎస్సే. పైగా ఎన్‌సీసీ మనం ఎంచుకుంటే సరిపోదు, అది మనల్ని ఎంచుకోవాలి. సీట్లు తక్కువ, సెలక్షన్ రోజు ఎత్తు కొలుస్తారు, పరిగెత్తిస్తారు, చాలా కాలేజీల్లో అసలు యూనిటే లేదు.

చేరేముందు సీనియర్లని రెండు ప్రశ్నలడగండి. ఎన్‌సీసీ వాళ్ళనైతే, పోయిన నెల ఎన్ని పరేడ్లు జరిగాయి అని. ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళనైతే, పోయిన క్యాంపు జరిగిన ఊళ్ళో ఇప్పటికీ మీరు పేరు పెట్టి పిలవగలిగిన మనిషి ఒక్కరైనా ఉన్నారా అని. ఉన్నారంటే కళ్ళు మూసుకుని ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరండి, అలాంటి ప్రోగ్రామ్ ఆఫీసర్ దొరకడం అదృష్టం. వాళ్ళు మొహమొహాలు చూసుకుంటే మాత్రం ఎన్‌సీసీ. చాలా చోట్ల మొహమొహాలే చూసుకుంటారు, అదే నా బాధ.

మా మేనకోడలు తన కాలేజీలో ఆ రెండో ప్రశ్న అడిగిందట. సీనియర్ ఒకమ్మాయి "ఏ ఊరే మనం వెళ్ళింది?" అని పక్కనమ్మాయిని అడిగిందట. పిల్ల ఎన్‌సీసీకి పేరిచ్చేసింది. వచ్చే శనివారం సెలక్షన్, ఎత్తు సరిపోతుంది, పరుగు దగ్గరే కాస్త టెన్షన్, పొద్దున్నే డాబా మీద ఉరుకుతోందట. నిన్న అక్క ఫోన్ చేసి బూట్లు ఎక్కడ మంచివి దొరుకుతాయని అడిగింది. బావ ఒప్పుకున్నాడా అంటే, "ఏమో, సన్‌స్క్రీన్ ట్యూబ్ ఒకటి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు" అంది.